నోరు తెరిచే డబ్బా

ఆగస్టు పదకొండో తేదీ నాటికి, కట్టుడు పళ్లు తయారుచేసే ఆ మనిషి దగ్గర ఎన్వలప్ ఫిల్టర్ పెడళ్లు ఏడు ఉన్నాయి. వాటిలో నాలుగు పనిచేస్తున్నాయి. ఒకటి, అతను బాగుచేసిన రోజు నుంచి పనిచేయడం మానేసింది. మిగిలిన రెండూ ఎందుకున్నాయని అడిగే సాహసం ఇంట్లో ఎవరూ చేయలేదు. అడిగితే చెబుతాడేమోనన్నదే అందరి భయం.

బేస్ గిటారు వాయించేవారు కాలి దగ్గర పెట్టుకునే చిన్న ఇనప డబ్బా అది. గిటారు నుంచి వచ్చే వైరు ఒక పక్క నుంచి దానిలోకి వెళ్లి, మరో పక్క నుంచి ఆంప్లిఫయర్‌కు వెళుతుంది. తీగను గట్టిగా మీటితే డబ్బా ఆ స్వరానికి నోరు తెరుస్తుంది. మెల్లగా మీటితే మూసేస్తుంది. ఎంత బలానికి ఎంత తెరవాలో నిర్ణయించే, వేళ్లతో తిప్పే మర ఒకటి దాని నెత్తిన ఉంటుంది. అన్నీ కుదిరితే తీగ మాట్లాడబోయి ఆగినట్టు ఉంటుందని అతను అనేవాడు. బాతుకు కోపం వచ్చినట్టు ఉంటుందని బావ, అంటే అక్క భర్త, అనేవాడు. ఆ మాట అన్న నాటి నుంచి బావ అతన్ని 'బాతుగారూ' అనే పిలుస్తున్నాడు. బావల మాటకు సమాజంలో ఉన్న చెలామణీ అంతా ఇంతా కాదు గనుక, ఏడాది తిరిగేసరికి పంటి డాక్టర్ల దగ్గర కాంపౌండర్లు కూడా అతన్ని ఆ పేరుతోనే గుర్తుపట్టసాగారు.

అతని పని గదిలో గోడ పొడవునా చెక్క అరలు. అరల నిండా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని కింద ఎవరిదో చీటీ. బల్ల మీద మైనం కరిగించే దీపం, గులాబీ రంగు అక్రిలిక్ పొడి సీసా, ఆ పొడిని తడిపే ఘాటు ద్రవం, పళ్లను నునుపు చేసే చిన్న డ్రిల్లు. తెలుపులో పదహారు రకాల తెలుపును అతను దీపం అక్కర్లేకుండా వేరుచేయగలడు; చుట్టుపక్కల డాక్టర్లందరూ ఒప్పుకున్న సంగతే అది. అంత సూక్ష్మమైన కన్నున్నవాడికి అంతే సూక్ష్మమైన చెవి కూడా ఉండి తీరుతుందని మాత్రం అతను, ఏ పరిశీలనా అవసరం లేకుండా, తనంతట తానే తీర్మానించుకున్నాడు.

మొదటి పెడల్ మామూలు గిటారు కోసం చేసినది. బేస్ గిటారును దానికి తగిలిస్తే భారీ మనిషికి సన్నని గొంతు వచ్చినట్టయింది. అతను మూత విప్పి, కందిగింజంత కెపాసిటర్‌ను తీసి, అంతకంటే పెద్దది పెట్టాడు. గొంతు దిగింది, దానితోపాటు పక్కింటివారి పైకప్పు రేకు కూడా అదరసాగింది. రెండోది బేస్ కోసమే చేసినదైనా అది నోరు తెరవడంలో ఆలస్యం చేసేది. మూడోది తెరిచిన నోరు మూసేది కాదు. నాలుగోదాన్ని ఇంటర్నెట్‌లో ఇద్దరు అపరిచితులు దాని గురించి నెల రోజులపాటు తిట్టుకోవడం చూసి తెప్పించుకున్నాడు. అంతగా తిట్టుకున్నారంటే అందులో విషయం ఉండి తీరాలన్నది అతని వాదన. ఇదే కొలతతో పోతే ఆ వీధిలోని అపార్ట్‌మెంటు సంఘంలో కూడా చాలా విషయం ఉన్నట్టే లెక్క.

పరీక్షించడానికి అతను వాయించేది ఎప్పుడూ ఒకటే చిన్న ముక్క. అక్క పాడే హుషారు పాట మధ్యలో, ఆవిడ ఊపిరి తీసుకునే వ్యవధిలో బేస్ గిటారు ఒంటరిగా వినిపించే ముక్క అది. ఒక గుక్క మంచినీళ్లు తాగేలోపు అయిపోతుంది. ఏడు పెడళ్లూ ఆ గుక్క కోసమే.

"ఏవండీ, ఈ పాటకి తర్వాత ముక్క లేదా?" అని గోడ అవతలి నుంచి భార్య అడిగేది.

"ఇది పాట కాదు. పరీక్ష."

"మరి రిజల్ట్స్ ఎప్పుడిస్తారు?"

అతను అదే ముక్కను మళ్లీ అందుకునేవాడు. పరిశోధనలో ఉన్నవారిని ఇంట్లోవాళ్లు తొందరపెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదేనని సరిపెట్టుకునేవాడు.

వారిది నలుగురి బృందం. అక్క పాడుతుంది, బావ గిటారు వాయిస్తాడు, టైల్స్ దుకాణం యజమాని డ్రమ్స్ వాయిస్తాడు. అక్క ఉద్యోగం నీటి పన్నుల కార్యాలయంలో. రోజంతా గాజు కిటికీకి ఉన్న గుండ్రటి కన్నంలోంచి జనంతో మాట్లాడడమే ఆవిడ పని. బిల్లు ఎక్కువ వచ్చిందని అరిచేవారికి, తక్కువ వచ్చిందని అనుమానించేవారికి ఒకే స్థాయిలో, ఒకే మర్యాదతో సమాధానం చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు ఎంతగా అణిగిపోయిందంటే, పాడేటప్పుడు తప్ప ఆవిడకు గొంతుందని సాటి ఉద్యోగులకే తెలియదు. పెళ్లికి ముందు మొదలుపెట్టి, పిల్లలు ఎదిగాక తిరిగి అందుకున్న పాట అది. నలుగురి ముందూ పాడే అవకాశం ఈ రెండేళ్లలో రెండుసార్లు వచ్చి రెండుసార్లూ పోయింది. మొదటిసారి ఒక భవనం ప్రారంభోత్సవం, రెండోసారి పాత విద్యార్థుల కలయిక. రెండుసార్లూ తమ్ముడు, "పెడల్ ఇంకా సెట్ కాలేదక్కా" అన్నాడు.

మూడోసారి ఆవిడ ఫోన్ చేయలేదు. పదకొండో తేదీ సాయంత్రం కార్యాలయం నుంచి నేరుగా అతని పని గదికి వచ్చి, బల్ల మీది దవడను పక్కకు జరిపి కూర్చుంది.

"స్టేషన్ రోడ్డు హోటల్లో శుక్రవారం శుక్రవారం పాటలు పెట్టుకుంటారట. ఈ నెలాఖరు శుక్రవారం రెండు పాటలు పాడి చూపించమన్నారు. నచ్చితే ప్రతి వారం మనమే."

"ఈ నెలాఖరా? అక్కా, ఇంకొంచెం టైము..."

"ఒరేయ్, నాకిప్పుడు నలభై ఏడు. నీ డబ్బా నోరు తెరిచేలోపు నా నోరు పడిపోయేట్టుంది. ఇది కూడా పోతే నేనిక పాడను. అలిగి చెప్తున్నా అనుకోకు. అలిగితే ఇంత మెల్లగా చెప్పను."

అలగలేదని అతనికి తెలుసు. చిన్నప్పుడు కూడా అక్క అలిగినప్పుడు అరిచేది, నిర్ణయించుకున్నప్పుడు గొంతు దించేది. అతను ఆవిడ పక్కకు జరిపిన దవడను అరలో పెట్టి, "సరే. సెట్ చేసేస్తా" అన్నాడు.

"పెడల్ లేకుండా వాయించలేవా?"

ఆ ప్రశ్నకు అతని మొహం చూసి ఆవిడే లేచి వెళ్లిపోయింది.

అతని దీక్షను శంకించడానికి వీల్లేదు. ఏడింటిలోంచి ఒకదాన్ని ఎంచుకుని, స్టూలు మీద కూర్చుని, గిటారు ఒడిలో పెట్టుకుని, ఆ ఒక్క ముక్కనే వాయిస్తూ మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. ఒక ఆదివారం, వీధి సద్దుమణిగిన మధ్యాహ్నం వేళ అది కుదిరింది. తీగ నిజంగానే మాట్లాడబోయి ఆగింది. వంటగదిలోంచి భార్య కూడా, "ఇది బానే ఉందండీ" అంది. ఆవిడ ఉద్దేశం ఇక ఆపవచ్చునని.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ చాలా చిన్నదయ్యేది. కానీ కుదిరిన పని కదలకూడదన్నది అతని వృత్తి నేర్పిన నీతి. పళ్లు దవడకు అమరాక మైనం మీద వేలు పెట్టనివ్వరు. అక్రిలిక్ పోసి గట్టిపరుస్తారు. అతనూ అదే చేశాడు. గులాబీ రంగు పొడిని ద్రవంతో కలిపి, మర చుట్టూ పంటి చిగురులా అమర్చి, గట్టిపడ్డాక నునుపు కూడా పట్టాడు. ఇక ఆ మరను ఎవరూ, చివరికి తాను కూడా, కదపడానికి లేదు. తర్వాత అతని దృష్టి స్విచ్ మీద పడింది. పెడల్‌ను ఆపాలన్నప్పుడు కాలితో నొక్కే స్విచ్ అది. దానిలోంచి స్వరం కొంత కారిపోతుందని ఇంటర్నెట్‌లో ఎవరో అన్నారు. దాన్ని తీసేశాడు. ఆపే ఉద్దేశమే లేనివాడికి స్విచ్ ఎందుకు? చివరికి వైర్లు గుచ్చే జాక్‌లు మిగిలాయి. వదులయ్యే జాక్‌ల కంటే సోల్డరింగ్ నయమని, వైర్లను సరాసరి డబ్బా లోపలికే అతికించాడు. అందుకు మేలురకం వైరు కావలసి వచ్చింది. మూత బిగించి దాని అంచుకూ అదే చిగురు పట్టించాడు గానీ, ఆ వైరు ఎక్కడ దొరికిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ట్రయల్‌కు ముందు చివరి సాధన టైల్స్ దుకాణం వెనక గోదాములో జరిగింది. బావ ఆ డబ్బాను చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఏంటి బాతుగారూ, పెడల్‌కి పళ్లసెట్టు కట్టారా?"

"సీలు వేశాను బావా. ఫ్యాక్టరీలో కూడా ఇంత ఖచ్చితంగా ఉండదు."

"డ్యూటీలో ఒకరి నోటికి పెట్టాల్సింది దీనికి పెట్టలేదు కదా? ఎవరో తాతగారు పాపం బోసినోటితో ఎదురుచూస్తుంటారు."

డ్రమ్స్ వాయించే యజమాని నవ్వాడు. అక్క నవ్వలేదు. "వాయిద్దాం పదండి" అంది. ఆ రోజు కూడా తమ్ముడు స్టూలు వేసుకునే వాయించాడు. ఆ ముక్క వచ్చినప్పుడు పెడల్ ఎంత అందంగా పలికిందంటే, దాన్నే మళ్లీ మళ్లీ వాయించి వినిపించాడు. రెండో పాటకు, అంటే అక్క అసలు పాడాలనుకున్న నెమ్మది పాటకు, ఒక్క చరణానికే సమయం మిగిలింది.

హోటల్ భోజనాల హాలు రైల్వే ప్లాట్‌ఫారమ్ అంత పొడవుగా ఉంది. గిన్నెల చప్పుడు, కుర్చీలు జరిపే చప్పుడు, వాటి మీదుగా మనుషుల మాటలు. ఒక చివర చిన్న వేదిక. మేనేజరు స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేదిక మీద స్టూలు లేదు. బేస్ గిటారును అతను పట్టీతో భుజానికి తగిలించుకుని నిలబడవలసి వచ్చింది. అలా నిలబడగానే గిటారు ఎప్పుడూ ఉండే చోటు కంటే జానెడు కిందికి జారింది. గుండె డ్రమ్స్ కంటే ముందే మొదలుపెట్టింది.

హుషారు పాట అందుకున్నారు. భయపడిన చెయ్యి గట్టిగా మీటుతుందన్న చిన్న సంగతిని ఆ సూక్ష్మమైన పరిశోధన అంతటిలోనూ అతను లెక్కలోకి తీసుకోలేదు. ఎదుట ఉన్నది ఆదివారం మధ్యాహ్నపు మనిషి కాదని ఆ డబ్బాకు ఎలా తెలుస్తుంది? అది తన ధర్మం తాను నిర్వర్తించింది. ప్రతి స్వరానికీ దవడ ఊడేంతగా నోరు తెరిచింది. మొదటి బల్ల దగ్గర ఒకాయన చెంచా కింద పెట్టి బల్ల కిందికి వంగి చూశాడు. కిటికీ దగ్గరి కుటుంబంలో చిన్నపిల్ల పెదాలు ముందుకు చాచి 'క్వాక్ క్వాక్' అనసాగింది. తల్లి కసరబోయి తానే నవ్వేసింది. అక్క గొంతు ఆ రొదలో ఎక్కడో మధ్యలో చిక్కుకుపోయింది. మరను తిప్పుదామని అతను వంగాడు. వేలికి నున్నని గులాబీ చిగురు తగిలింది.

పాట ముగిశాక చప్పట్లు వినిపించాయి. కిటికీ దగ్గరి బల్ల వైపు అవి కాస్త ఎక్కువగానే వినిపించాయి. మేనేజరు గడియారం చూసుకుని, "ఇంకోటి ఉందన్నారుగా, కానివ్వండి" అన్నాడు. అది మనిషిని కుర్చీలోంచి లేపడానికి వాడే మర్యాద.

బావ అతని పక్కకు జరిగి పళ్లు బిగించి అన్నాడు. "ఆపెయ్యి దాన్ని."

"ఆగదు బావా."

"స్విచ్ నొక్కు."

"స్విచ్ లేదు."

"పోనీ, ఆ దరిద్రాన్ని పక్కన పారేసి, నా సంచిలో స్పేర్ వైరుంది, సరాసరి ఆంప్‌కి పెట్టు."

అతను చూపు దించుకున్నాడు. "నీ స్పేర్ వైరే బావా ఇది. మంచి వైరని... కోసి అతికించాను."

బావ నోరు తెరిచాడు. ఏ పెడల్ సాయమూ లేకుండానే చాలాసేపు తెరిచి ఉంచాడు. డ్రమ్స్ వెనక నుంచి యజమాని, "ఏమైందండీ? ఏమైంది?" అంటున్నాడు.

అక్క వెనక్కి తిరగలేదు. మైకును అరచేత్తో మూసి, గాజు కిటికీ కన్నంలోంచి మాట్లాడే గొంతుతోనే అంది. "తమ్ముడూ, మెల్లగా వాయించు. నన్ను పాడనీ. అంతే."

గొంతు దించి చెప్పింది. తిప్పడానికి మర లేదు, నొక్కడానికి స్విచ్ లేదు, పీకడానికి వైరు లేదు. ఉన్నదల్లా కుడి చెయ్యి. ఆ చేతిని తీగల మీద ఆనించి, గోరు తగలకుండా బొటనవేలి కండతో మాత్రమే, నిద్రపోతున్న పసివాడి చెంపను తాకినంత మెత్తగా మీటాడు. పెడల్ నోరు తెరవలేదు. స్వరం పక్క గదిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు, తలుపు వెనక నుంచి వస్తున్నట్టు వచ్చింది. కొంచెం బలం పెరిగినా డబ్బా మేలుకుంటుంది. అందుకని ఊపిరి బిగబట్టి వాయించాడు.

అప్పుడు అక్క పాట వినిపించింది. మొదటి చరణం అతనికి తెలుసు. రెండోది సగం తెలుసు. మూడో చరణం మొదలయ్యేసరికి అతనికొక సంగతి తట్టింది. రెండేళ్లుగా ఈ పాట సాధన చేస్తున్నారు. ఈ చరణం వచ్చే వేళకు తాను ఎప్పుడూ నేల మీద మోకాళ్లేసుకుని ఏదో మర తిప్పుతూ ఉన్నాడు. పాట ఎలా ముగుస్తుందో తనకు తెలియదు. ఆవిడ భుజాలు లేచినప్పుడు ఆగుతూ, దిగినప్పుడు అందుకుంటూ, ఒక్కో స్వరం వెనకాలే నడిచాడు. ఒకచోట ఆవిడ, అతను అనుకున్నదాని కంటే ఎక్కువ సేపు స్వరాన్ని నిలిపింది. అతను కూడా నిలిచాడు. హాలు చివరి బల్లల దగ్గర మాటలు ఆగడం అతనికి స్పష్టంగా తెలిసింది. చెంచా దించిన పెద్దమనిషి ఈసారి బల్ల కిందికి కాకుండా వేదిక వైపు చూస్తున్నాడు.

పాట అయ్యాక మేనేజరు స్తంభాన్ని వదిలి వచ్చాడు.

"అమ్మా, మీ రెండో పాట చాలా బావుంది. వచ్చే శుక్రవారం నుంచి రండి. కాకపోతే ఒక్క మాట. మొదటి పాటలో ఒక పక్షి వాయిద్యం ఉందే, అది మాత్రం వద్దు. తినేవాళ్లకి ఇబ్బంది."

అక్క కళ్లు తుడుచుకుంటూ తల ఊపింది. బావ, "ఆ పక్షిని మేం చూసుకుంటాం సార్" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో, డ్రమ్స్ మధ్య ఒదిగి కూర్చున్న తమ్ముడు కాసేపటికే కోలుకున్నాడు. ఇలాంటివారు ఓటమి నుంచి కోలుకునే వేగం గురించి ఎవరైనా శ్రద్ధగా అధ్యయనం చేయవలసి ఉంది.

"రెండో పాటలో ఫిల్టర్ ఎంత స్మూత్‌గా పనిచేసిందో విన్నారా?"

"అది ఫిల్టర్ కాదురా," అంది అక్క ముందు సీటులోంచి. "నువ్వు."

"నేనూ ఉన్నాననుకో. కానీ ఆ సెట్టింగ్ లేకపోతే..."

"బండి ఆపమంటావా?" అన్నాడు బావ.

మరుసటి వారం మంగళవారం నాడు అతను మేనేజరు షరతుకూ తన ఆశయానికీ మధ్య రాజీ కుదర్చబోయాడు. పెడల్‌కు మళ్లీ స్విచ్ పెట్టేస్తే, వద్దన్నప్పుడు ఆపవచ్చు. ఎవరూ చూడనప్పుడు నొక్కవచ్చు. స్విచ్ పెట్టాలంటే మూత విప్పాలి. మూత విప్పాలంటే చిగురు తెంచాలి. పళ్లు నునుపు చేసే డ్రిల్లుతోనే మొదలుపెట్టాడు. గులాబీ రంగు పొడి మీసాల మీదికి ఎగిరింది. వేలాది పళ్ల మీద ఎన్నడూ తప్పని చెయ్యి, తన సొంత వస్తువు దగ్గరకు వచ్చేసరికి తప్పింది. డ్రిల్లు చిగురును దాటి, మరను దాటి, లోపలి సర్క్యూట్‌లోకి దిగింది. భార్య గదిలోకి తొంగి చూసి, అతని మొహం చూసి, "ఎవరు పోయారండీ?" అంది. అతను డబ్బా చూపించాడు. ఆవిడ ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఆ పొడి ఊడ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతనికి దక్కిన ఓదార్పుల్లో అదే గొప్పది.

మిగిలిన ఆరింటిలో ఒకదాన్ని తీసుకెళ్లడానికి అతనేమీ వెనకాడలేదు. సంచిలో సర్దుకున్నాడు కూడా. శుక్రవారం సాయంత్రం బావ గుమ్మంలోనే ఆ సంచిని తీసుకుని అతని భార్య చేతికిచ్చి, "దాచమ్మా, శనివారం ఇద్దువుగాని" అన్నాడు. అతని చేతికి ఒక కొత్త వైరు ఇచ్చాడు. "ఇదిగో, దీన్ని కూడా కోస్తే నిన్ను కోస్తా."

ఆ రాత్రి అక్క తొమ్మిది పాటలు పాడింది. నీటి పన్నుల కార్యాలయం నుంచి ఇద్దరు సహోద్యోగులు వచ్చి కూర్చున్నారు. వారు మొదట పాడుతున్నది ఎవరని పక్కవారిని అడిగారు. హుషారు పాట మధ్యలో ఆ ముక్క వచ్చినప్పుడు తమ్ముడు దాన్ని వట్టి తీగలతోనే వాయించాడు. అక్క ఊపిరి తీసుకుంటూ ఒక్క క్షణం అతని వైపు తిరిగింది. ఎవరూ బల్ల కిందికి చూడలేదు.

అంతా అయ్యాక, హోటల్ వెనక గుమ్మం దగ్గర సామాను బండిలోకి ఎక్కిస్తూ అతను బావతో అన్నాడు.

"చూశావా బావా? ఇన్నాళ్లూ పెడల్‌తో సాధన చేశాను కాబట్టే ఇవాళ అది లేకుండా చెయ్యి అలా నడిచింది."

"అంతేరా," అన్నాడు బావ. "ఆంప్ ఇటు నుంచి పట్టుకో. ఈ పక్క బరువెక్కువ."